ఎనిమిదో నంబరు ఎవరిది?

కిందటి వారం మహితను బీరంగూడలో హరినాథ్ ఇంటి గేటు ముందు నిలబెట్టి ఆగాం. ఆమె చేతిలో ఒక జిరాక్స్ కాగితం ఉంది. ఈ ఏడు కరీంనగర్‌లో జరిగిన రాష్ట్ర స్థాయి బాలికల ఫుట్‌బాల్ పోటీలకు మంజీర క్రీడా శిక్షణ శిబిరం పంపిన జట్టు జాబితా అది. పదకొండో నంబరుకు ఎదురుగా శిబిరం పిల్ల భవాని పేరు ఉండాలి. ఎడమవైపు గీత వెంట భవాని పరుగెత్తిన ప్రతి పరుగునూ బెంచీ మీద కూర్చుని మహిత చూసింది. జాబితాలో మాత్రం కృష్ణప్రియ అని ఉంది. శిబిరం అధ్యక్షుడు, లేబర్ కాంట్రాక్టర్ ప్రవీణ్‌కుమార్ కూతురు కృష్ణప్రియ. ఆ అమ్మాయి బంతిని తన్నగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. స్పోర్ట్స్ కోటా కింద డిగ్రీ సీటుకు వెళ్లిన భవానిని సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర ఆఫీసరు, "ఆడకుండానే ఆడిన అంటవా?" అని వందమందిలో అడిగి పంపించేశాడు. జాబితా కింద ఉన్న సంతకం హరినాథ్‌ది. మహితకు బంతి ఆపడం, పాసివ్వడం, ఓడినా తలెత్తుకుని మైదానం దాటడం నేర్పిన మనిషిది.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర అయింది. ఆ సాయంత్రం నాలుగింటికే శిబిరం కొత్త మైదానం ప్రారంభోత్సవం. పాతికేళ్ల సేవకు హరినాథ్‌కు సన్మానం. శాలువా కప్పి మాట్లాడవలసింది మహితే.

తలుపు తీసింది హరినాథ్ భార్య లక్ష్మీనరసమ్మ.

"రా అమ్మా మహితా! ఫంక్షను సాయంత్రం కదా, ఇంత పొద్దున్నే వచ్చావేం? ఆయన టిఫిన్ చేస్తున్నారు. నీకూ ఒక పెసరట్టు వేస్తానుండు."

వద్దనే లోపే ప్లేటు వచ్చేసింది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో అదే వరస. అలవాటు కొద్దీ మహిత ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

హరినాథ్‌కు అరవై అయిదేళ్లు. తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. ఫ్యాక్టరీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాడు. ఉద్యోగంలో ఉండగానే శిబిరం మొదలుపెట్టి, పాశమైలారం, ఇస్నాపూర్ వైపు ఊళ్లు తిరిగి ఆడపిల్లల్ని పోగుచేశాడు. మహిత తండ్రి ఎల్లయ్య "మా పొల్ల పొలం పనికి కావాలె సారూ" అంటే మూడు సాయంత్రాలు ఆ ఇంటి అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. నాలుగో రోజు ఎల్లయ్యే పిల్లను వెంటబెట్టుకొచ్చి అప్పగించాడు. ఆ పిల్లే ఇవాళ పటాన్‌చెరులో సర్కారు బడి వ్యాయామ ఉపాధ్యాయురాలు. సాయంత్రాలు కూలీల పిల్లలకు ఆట నేర్పి, ఆట అయ్యాక అక్కడే గడ్డిలో కూర్చోబెట్టి లెక్కలు, ఇంగ్లీషు చెబుతుంది.

మహిత కాగితం తీసి టేబుల్ మీద పరిచింది.

"సార్, ఇది మీ సంతకమేనా?"

హరినాథ్ చేతికి అల్లం పచ్చడి అంటి ఉంది. కాగితాన్ని ముట్టుకోలేదు. మెడ కాస్త ముందుకు చాచి చూసి, నములుతూనే తలాడించాడు.

"నాదే."

దారి పొడుగునా ఆమె వేరే మాట కోసం ఎదురుచూసింది. ఎవరో తన సంతకం పెట్టేశారంటాడనీ, కోపంతో లేచి నిలబడతాడనీ, ఇద్దరూ కలిసి వెళ్లి ఆ దొంగను పట్టుకుంటారనీ అనుకుంటూ వచ్చింది. 'నాదే' అన్న మాట పెసరట్టు ముక్కతో కలిసి బయటికి వచ్చింది. ఆయన పెదవి మూలన పచ్చడి మరక మెరుస్తోంది. మహిత చూపు తిప్పుకుంది.

"భవాని ఆడింది సార్. మీరు నా పక్కనే ఉన్నరు గద. సెమీస్‌ల ఆ పిల్ల గోల్ కొడితే మీరే లేచి చప్పట్లు కొట్టిన్రు."

"ఆడింది. బ్రహ్మాండంగా ఆడింది. కాదన్నదెవరు?"

"మరి పేరేది?"

"పేరుదేముందమ్మా?" హరినాథ్ నీళ్లు తాగాడు. "ఆరేళ్లలో మనల్ని ఎన్ని చోట్ల నుంచి వెళ్లగొట్టారో నీకు గుర్తులేదా? కాలనీ గ్రౌండుకి తాళం వేశారు. చెరువు పక్క స్థలంలో ప్లాట్లు వేశారు. చివరికి లారీలు ఆపుకునే చోట ఆడించాం. పిల్లల మోకాళ్ల నిండా డీజిలు మరకలు. ఇప్పుడు రెండెకరాల గ్రౌండు వచ్చింది. అది ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్నావా? ప్రవీణ్‌కుమార్ ఇచ్చాడు. ఊరికే ఇస్తాడా? కూతురికి ఒక సర్టిఫికెట్ అడిగాడు. ఒక్క పేరు తీస్తే అరవైమంది ఆడపిల్లలకి నీడ దొరుకుతుందంటే, నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనైతే తీయ."

"నీ వయసులో నేనూ అలాగే అనేవాణ్ని."

ఆ మాటలు ఆయన నోట్లో ఎన్నాళ్లుగానో నలిగి నలిగి నున్నబడ్డాయి. ఎక్కడా తడబాటు లేదు. నిన్న మొన్న చేసిన తప్పును సమర్థించుకునేవాడికి అంత సాఫీగా మాటలు రావు. ఆ సంగతి మహితకు స్ఫురించింది.

"సార్, ఇది మొదటిసారి కాదు గద?"

వంటింటి గుమ్మంలో అట్లకాడతో నిలబడ్డ లక్ష్మీనరసమ్మ, "ఇప్పుడెందుకండీ ఆ గోల? పిల్లని తిననివ్వండి," అంది.

ఆమెకూ తెలుసన్నమాట.

"ఎన్నిసార్లు సార్? ఎవరెవరికి ఇచ్చిన్రు?"

"చెప్పమంటావా?" హరినాథ్ ప్లేటు పక్కకు నెట్టాడు. మొదటిసారిగా ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. మహితకు దానికే ఎక్కువ భయం వేసింది. "నల్గొండ పోటీలకి నువ్వు వెళ్లావా?"

పదకొండేళ్ల కిందటి మాట అది. అప్పుడు మహితకు పదిహేడేళ్లు. జట్టు బయలుదేరే ముందు పచ్చకామెర్లు వచ్చి పద్దెనిమిది రోజులు మంచం మీద ఉంది. జట్టు నల్గొండ వెళ్లి కప్పు తెచ్చింది. ఆ సర్టిఫికెట్ మహితకూ వచ్చింది. దాని మీద డిగ్రీ సీటు, ఆ డిగ్రీ మీద బి.పి.ఎడ్., దాని మీద ఉద్యోగం.

"నేను జాబితాల ఉన్న. జిల్లా మ్యాచులన్ని ఆడిన. జాబితాల పేరుంటే చాలు, అందరికి సర్టిఫికెట్ వస్తదని మీరే చెప్పిన్రు."

"చెప్పాను. నువ్వు నమ్మావు. నీకది కావాలి కనక నమ్మావు. నువ్వు మంచం మీద ఉంటే నీ ఎనిమిదో నంబరు జెర్సీ వేసుకుని ఎవరాడారు?"

"నాగేశ్వరి."

"ఏ పేరు మీద ఆడింది?"

ఆ వారం జిల్లా పేపర్లో 'మహిత రెండు గోల్స్' అని వచ్చింది. పేపరువాళ్లు జెర్సీ నంబరు చూసి రాసేశారని హరినాథ్ అప్పట్లో నవ్వాడు. మహిత కూడా నవ్వింది. ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. నిరుడు హెడ్మాస్టరు దాన్ని ఫ్రేము కట్టించి బళ్లో గోడకు తగిలించాడు. తీసేయమని ఆమె అనలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఆ రెండు గోల్స్ గురించి అడిగితే, చిన్నగా నవ్వి ఊరుకునేది.

"జాబితా అప్పటికే పంపేశాను," హరినాథ్ అన్నాడు. "మార్చొచ్చు. మారిస్తే నీకేం ఉండదు. ఆ వేసవిలో మీ నాన్న నీకు సంబంధం చూస్తున్నాడు, గుర్తుందా? నీకు చదువు మీద ఆశ ఉంది. నాగేశ్వరికి ఆట ఒక్కటే వచ్చు, ఇంగ్లీషులో పేరు రాయడానికి కూడా తడుముకునేది. ఇద్దరిలో ఎవరికిస్తే పనికొస్తుందో నేను చూశాను. నా ఎంపిక తప్పయిందా? నువ్వు టీచరయ్యావు. పదిమందికి చదువు చెబుతున్నావు."

"మీరు మమ్మల్ని తూకం వేసిన్రు సార్."

"కోచ్ పని అదే కదమ్మా."

మహిత లేచింది. వాకిట్లో కుళాయి దాకా నడవగలిగింది. తిన్న ముక్క, దాని వెనకే పొద్దున తాగిన టీ బయటికి వచ్చేశాయి. కడుపు ఖాళీ అయినా వాంతి ఆగలేదు. వెనక అడుగుల చప్పుడయింది. హరినాథ్ చెంబుతో నీళ్లు తెచ్చి, మ్యాచ్ ఓడిపోయిన రోజుల్లో పెట్టినట్టే ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ అరచేతిలోంచి ఇంకా అల్లం వాసన వస్తోంది.

"చెయ్యి తీయుండ్రి సార్."

ఆయన తీశాడు. నొచ్చుకున్నట్టు కూడా కనబడలేదు.

"నాలుగింటికి వచ్చెయ్. పసుపు చీర కట్టుకో, ఫొటోల్లో బాగా వస్తావు. ఇంకో మాట. భవాని సంగతి పైకి వెళ్తే, అక్కడ ఆగదమ్మా. పాత జాబితాలన్నీ బయటికి లాగుతారు. నీదీ వస్తుంది. నా కోసం చెప్పడం లేదు."

*

పాశమైలారంలో మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. మహిత ఒకటిన్నరకే వెళ్లి మాత్రల కంపెనీ గేటు ఎదుట స్కూటర్ ఆపుకుంది. పొగగొట్టాలవైపు నుంచి కుళ్లిన ఉల్లిగడ్డ లాంటి వాసన తెరలు తెరలుగా వస్తోంది. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న గాలే అయినా ఆ రోజు ఆమెకు ముక్కు మూసుకోవాలనిపించింది. పొద్దున్నుంచి ఒంటి మీద ఏదో జిగట అంటినట్టే ఉంది. ఇంటికి పోయి రెండుసార్లు స్నానం చేసినా వదల్లేదు.

సైరన్ మోగింది. ఒడియా, హిందీ మాట్లాడుకుంటూ మగవాళ్లు బయటికి వచ్చారు. వాళ్ల వెనక ఆడవాళ్ల గుంపు. నీలం ఏప్రన్ విప్పి చంకలో పెట్టుకుని నాగేశ్వరి వచ్చింది. మెడలో ప్రవీణ్‌కుమార్ లేబర్ కాంట్రాక్ట్ సంస్థ పేరున్న గుర్తింపు కార్డు. మహితతో ఒకే ఏడు పుట్టింది. చూడటానికి పదేళ్లు పెద్దగా ఉంది. ఆమె చెల్లెలే భవాని.

"ఏంది మహితా, ఇక్కడున్నవ్? భవానికేమన్న అయిందా?"

"భవాని మంచిగనే ఉంది. నీతోని మాట్లాడాలె."

ఇద్దరూ కాంపౌండు గోడ నీడలో నిలబడ్డారు. నాగేశ్వరి వేళ్ల సందుల్లో తెల్లటి పొడి ఉంది. అది మాత్రల పొడి. ఎంత కడిగినా పోదని, అన్నం ముద్ద కూడా చేదుగా తగులుతుందని ఒకప్పుడు భవాని చెప్పింది. మహిత అప్పుడు విని 'అయ్యో' అని ఊరుకుంది.

"నల్గొండల ఆడినందుకు నీకు సర్టిఫికెట్ రాలేదా?"

నాగేశ్వరి నవ్వింది.

"నాకెట్లొస్తది? నేను ఆడలే గద. నువ్వే ఆడినవ్. పేపర్ల గూడ పడింది."

"నాకు తెల్వది నాగేశ్వరీ. నీది నీకొచ్చిందనుకున్న. మీ నాయన చనిపోయిండని నువ్వే సదువు మానేసినవనుకున్న."

"నాయన సచ్చిపోయింది మళ్లేడు. అప్పటికే సీటు పోయింది. సార్ ఏమన్నడంటే, మహిత ఇంట్ల పరేషాన్ ఉంది, ఈసారి ఆమెకుండనీ, నీకు వచ్చే ఏడు ఇప్పిస్త అన్నడు. వచ్చే ఏడు నేను ఈ గేట్ల వడ్డ." ఏప్రన్‌ను ఇంకో చంకలోకి మార్చుకుంది. "నోరు మూస్కుంటే నీ చెల్లెను నా బిడ్డ లెక్క చూస్కుంట అన్నడు. అందుకే మూస్కున్న. పదకొండేండ్లు. అది ఆడుతుంటే చూసి, పోనీ నాదింత దీనికి వడ్డది అనుకున్న."

అక్కకు చెల్లెల్ని ఆశ చూపి నోరు కట్టించి, ఇప్పుడు ఆ చెల్లెలి పేరే తీసి అమ్ముకున్నాడు. మహిత పొడి అంటిన నాగేశ్వరి చెయ్యి పట్టుకుంది.

"నేను పైకి రాసిస్త. భవాని ఆడిందని నేను సాక్ష్యం చెప్త. నువ్వు గూడ చెప్పు."

నాగేశ్వరి తల దించుకుంది.

"సార్ నిన్న మా ఇంటికొచ్చిండు. ఒక కాగితం తెచ్చిండు. కరీంనగర్ పోయే ముందు భవానికి జెరమొచ్చింది, అది పోలేదు అని రాసుంది అండ్ల. దస్కత్ పెట్టుమన్నడు."

"పెట్టలేదు గద?"

"పెట్టిన."

లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"ఎందుకు పెట్టినవే?" మహిత ఆమె భుజం పట్టి కుదిపింది. "నీ చెల్లె బతుకు గద అది!"

"నీ నౌకరి పోతదన్నడు. భవాని సంగతి తోడితే మహితది గూడ తోడుతరు, ఆమెను బడికెల్లి తీసేస్తరు అన్నడు. మా బస్తీల ఆడపిల్లలు నిన్ను చూసే నిక్కర్లేసుకుని గ్రౌండుకు వస్తున్నరు. నువ్వున్నవని తల్లులు పంపుతున్నరు. నువ్వు వోతే ఎవ్వరు పంపుతరు? భవానికి ఒక్క సీటు వోతది, నువ్వు వోతే అందరియి వోతయ్. గట్లనుకోని పెట్టిన."

ఆ మాటల్లోనూ అదే తూకం ఉంది. హరినాథ్ తక్కెడ చివరికి నాగేశ్వరి చేతికి కూడా వచ్చేసింది.

మహిత ఏడవబోయింది. నాగేశ్వరి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఏడ్వకు. నన్ను మంచిదాన్ననుకోకు. నీ మీద నాకు మస్తు కోపముండె. నువ్వు రోజు ఈ తొవ్వలనే బడికి వోతవ్. నీ స్కూటర్ నాకు తెల్సు. ఒక్కనాడన్న ఆగి, నాగేశ్వరీ, నీకేమైంది, నువ్వెందుకు ఆట మానేసినవ్ అని అడుగుతవని చూసిన. ఒక్కనాడు ఆగలే. నాకు తెల్వదంటున్నవ్. ఎట్ల తెలుస్తది? నువ్వు అడగందే ఎట్ల తెలుస్తది?"

పొద్దున్నుంచి హరినాథ్ మీద, ప్రవీణ్‌కుమార్ మీద, అట్లకాడ పట్టుకుని నిలబడ్డ లక్ష్మీనరసమ్మ మీద మహితలో పొంగిన అసహ్యమంతా తిరిగి తన మీదికే వచ్చింది. ఆ తొవ్వలో రోజూ తను స్కూటర్ వేగం పెంచుతుందని ఆమెకు బాగా తెలుసు. వాసన వల్ల అనుకునేది.

"నాలుగింటికి గ్రౌండుకు రా," అంది చివరికి.

"నేను రాను. నడుములు పోతున్నయ్. నువ్వు గూడ పిస పని చెయ్యకు. శాలువ కప్పి ఇంటికి పో."

*

కొత్త మైదానంలో పచ్చటి కృత్రిమ గడ్డి ఎండకు వేడెక్కి రబ్బరు వాసన వేస్తోంది. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద ఒకవైపు ప్రవీణ్‌కుమార్, మరోవైపు హరినాథ్ నవ్వుతున్నారు. అరవైమంది పిల్లలను మూడింటి నుంచి ఎండలో వరుసలు కట్టించారు. భవాని చివరి వరుసలో ఉంది. ఆమె ఒంటి మీద నంబరు లేని జెర్సీ. పదకొండో నంబరు జెర్సీ స్టేజీ మీద కుర్చీలో కూర్చున్న కృష్ణప్రియ వేసుకుంది. మడతల గీతలు కూడా పోని కొత్త జెర్సీ. ఆ అమ్మాయి తల దించుకుని ఫోను చూసుకుంటోంది. ఎందుకు వేసుకుందో ఆమెకైనా తెలుసా అని మహిత అనుకుంది. పదిహేడేళ్ల వయసులో తనను ఎవరైనా చూసి ఉంటే ఇదే అనుకుని ఉండేవారు.

మహిత పసుపు చీర కట్టుకోలేదు. రోజూ బడికి వేసుకునే ట్రాక్ సూట్‌లోనే వచ్చింది. ముందు వరుసలో కూర్చున్న తండ్రి ఎల్లయ్య ఆమెను చూసి గర్వంగా పక్కవాడికి చూపించాడు.

వ్యాఖ్యాత వెంకట సాయి ఎఫ్ఎం రేడియో గొంతుతో పిలిచాడు. "గురువు చేతి మట్టి ముద్ద ఎలా మాణిక్యమైందో చూడండి! నల్గొండ రాష్ట్ర పోటీల్లో రెండు గోల్స్ కొట్టిన మన ఆడబిడ్డ, మన టీచరమ్మ, మహితగారు!"

చప్పట్లు మోగాయి. ఎవరో ఆమె చేతిలో శాలువా పెట్టారు. ప్లాస్టిక్ కవరు వాసన ఇంకా దానికి అంటుకునే ఉంది. హరినాథ్ లేచి, మెడ వంచి నిలబడ్డాడు. మహిత శాలువాను ఖాళీ కుర్చీ మీద పెట్టి మైకు అందుకుంది.

"నల్గొండలో ఆ రెండు గోల్స్ కొట్టింది నేను కాదు," అంది. "నేను ఆ పోటీలకు వెళ్లనే లేదు."

వెంటనే వెంకట సాయి రెండో మైకులో అందుకున్నాడు. "చూశారా! ఎంత వినయం! కొట్టింది నేను కాదు, నాలో ఉన్న మా గురువుగారు అంటోంది! ఇలాంటి శిష్యురాలు ఎవరికి దొరుకుతుంది?"

మైదానం మొత్తం చప్పట్లతో మోగిపోయింది. ప్రవీణ్‌కుమార్ లేచి నిలబడి మరీ కొట్టాడు. హరినాథ్ చేతులు జోడించి నలువైపులా నమస్కారం పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి నిజమైన నీళ్లే. నిజం చెప్పినా వాళ్లు దాన్ని దండలా మార్చి ఆయన మెడలోనే వేసుకుంటున్నారు.

ఈసారి ఆమె బడి భాష వదిలేసింది. గడ్డి మీద పిల్లలను కేకేసే గొంతుతో మాట్లాడింది.

"చప్పట్లు ఆపుండ్రి! వినయం గాదు, ఏం గాదు. నాకు కామెర్లొచ్చి మంచంల ఉన్న. మా నాయన ఆడనే కూసున్నడు, అడుగుండ్రి. నా పేరు మీద నాగేశ్వరి ఆడింది. ఆమె సర్టిఫికెట్ నేను తీసుకున్న, ఆమె సీట్ల నేను సదువుకున్న. ఈ ఏడు కరీంనగర్‌ల ఆడింది భవాని. ఆమె పేరు తీసి కృష్ణప్రియ పేరు రాసిన్రు. రెండు జాబితాల కింద దస్కత్ ఒక్కలదే. ఈ సార్‌ది."

ఎల్లయ్య తల నేల వైపు వాలిపోయింది. పిల్లల వరుసలు కదిలిపోయాయి. కృష్ణప్రియ ఫోను పక్కన పెట్టి తండ్రి ముఖంలోకి చూసింది. ఎవరో మహిత మైకు వైరు లాగేశారు. ఆమెకు మైకు అవసరం లేకపోయింది. అనాల్సింది అప్పటికే అనేసింది.

హరినాథ్ తొణకలేదు. వెంకట సాయి చేతిలోని మైకు నెమ్మదిగా తీసుకున్నాడు.

"అమ్మాయి అలిసిపోయింది. దాన్ని ఏమీ అనకండి, నా బిడ్డలాంటిది," అన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. "భవాని కరీంనగర్ రాలేదు. జ్వరమొచ్చింది. ఇదిగో, ఆ పిల్ల సొంత అక్క నాగేశ్వరి రాసిచ్చిన కాగితం. సంతకం కూడా ఉంది. ఇంతకంటే రుజువేం కావాలి?"

జనం గుసగుసలాడారు. 'టీచరమ్మకు ఏమైందో' అన్న మాట ముందు వరుస నుంచి వినబడింది. భవాని వరుసలోంచి బయటికి వచ్చి, వెక్కిళ్ల మధ్య, "అబద్ధం! మా అక్క గట్ల రాయది!" అని అరిచింది.

అప్పుడు గేటు దగ్గరి జనం రెండుగా చీలారు.

నాగేశ్వరి వస్తోంది. బట్టలు కూడా మార్చుకోలేదు. పారగాన్ చెప్పులు గేటు దగ్గర విడిచి, ఆ వేడి గడ్డి మీద ఒట్టి కాళ్లతో స్టేజీ వైపు నడిచింది. ఎవరి వైపూ చూడలేదు. మెట్లెక్కి మహితకు రెండడుగుల దూరంలో ఆగింది.

ప్రవీణ్‌కుమార్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. మైకుకు అందకుండా, చాలా మామూలుగా అడిగాడు.

"నాగేశ్వరీ, రేపు పొద్దుగాల డ్యూటీ ఉంది గద నీకు?"

"ఉంది సార్."

"మంచిది. జల్దీ ఇంటికి పో మరి."

హరినాథ్ కాగితాన్ని ఆమె ముందు పట్టాడు. గొంతులో తేనె ఒలికింది.

"భయపడకు తల్లీ. ఒక్క మాట చెప్పు చాలు. ఈ సంతకం నీదేనా?"

నాగేశ్వరి కాగితాన్ని కింది నుంచి పై దాకా చూసింది. చెల్లెలి వైపు ఒకసారి చూసింది.

"దస్కత్ నాదే," అంది నాగేశ్వరి.

మైదానమంతా ఒక్కసారిగా గోల. భవాని రెండు చేతులతో ముఖం కప్పుకుని అక్కడే కూలబడింది. ప్రవీణ్‌కుమార్ వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు. హరినాథ్ చిరునవ్వుతో కాగితం మడిచి జేబులో పెట్టుకుని మైకు వెంకట సాయికి ఇవ్వబోయాడు.

ఆ మైకును మధ్యలోనే నాగేశ్వరి అందుకుంది.

"ఆగుండ్రి సార్," అంది. "నేను చెప్పుడు ఇంక అయిపోలే."

(సశేషం)